బీఎన్‌ఎస్ బేర్ యాక్ట్: వెనక పట్టిక కోసమైనా కొనొచ్చు

ఎల్‌ఎల్‌బీ రెండో ఏడాది చదువుతున్నాను. పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం మాత్రమే ఉండే పుస్తకం, కోఠిలో కొని నాలుగు నెలలైంది. అసలు విలువంతా వెనకున్న పట్టికలోనే ఉంది: ఎడమవైపు పాత ఐపీసీ సెక్షన్, కుడివైపు కొత్తది. హత్యకు శిక్ష 302 కాస్తా 103 అయింది. మనం తిట్టడానికి వాడే 420 ఇప్పుడు 318(4). ఇక ఎవరినైనా ‘వాడో 318 గాడు’ అంటే ఎవరికి అర్థమవుతుంది చెప్పండి!

511 సెక్షన్లు 358కి తగ్గాయని సంబరపడ్డాను గానీ, నిర్వచనాలు చాలావరకు సెక్షన్ 2లోనే కుక్కేశారు. గొలుసులు తెంపుకెళ్లే దొంగల కోసం కొత్తగా 304 పెట్టారు. దాన్ని పాత 304తో (హత్య కిందికి రాని నరహత్యకు శిక్ష) కలిపేసి ఇంటర్నల్స్‌లో మార్కులు పోగొట్టుకున్నాను.

సెక్షన్ల కింద ఉండే ఉదాహరణలు మాత్రం వదలకండి. హత్యను నిర్వచించే 101 కింద జనం మీదికి ఫిరంగి పేల్చే ‘ఏ’ అనే ఊహా వ్యక్తి 1860 నాటి ఐపీసీ నుంచీ ఉన్నాడు, ఇప్పటికీ పేలుస్తూనే ఉన్నాడు.

కాగితం మరీ పల్చన. హైలైటర్ గీస్తే అవతలి పేజీకి దిగుతోంది, పెన్సిల్ వాడుకోండి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి, సీనియర్ అక్క ఇచ్చిన పాత పుస్తకాన్నీ పక్కనే ఉంచుకున్నాను.