1920ల స్పానిష్ రివైవల్ ఇల్లు: ఏళ్ల తరబడి ఉన్నాక నా మాట

లాస్ ఏంజెలెస్ దగ్గర 1920లలో కట్టిన స్పానిష్ కలోనియల్ రివైవల్ (పాత స్పానిష్ వలస కాలపు కట్టడాలను తలపించే శైలి) ఇంట్లో చాలా ఏళ్లుగా ఉంటున్నాం. తెల్లటి గార గోడలు, ఎర్ర పెంకులు, కమాను గుమ్మం, కిటికీలకు ఇనప ఊచల అల్లిక. ఇలాంటి ఇల్లు కొనాలనుకుంటున్న మనవాళ్లు తరచూ అడుగుతుంటారు కాబట్టి రాస్తున్నాను.

అన్నిటికన్నా నచ్చింది పేషియో, అంటే ఇంటిని ఆనుకుని ఉన్న ఆరుబయలు. రెండు వైపులా గదులు, మధ్యలో ఆకాశం. గోదావరి జిల్లాల మండువాలోలాగా కప్పు మీది వాన లోపలికి జారదు గానీ, సాయంత్రమైతే ఇంటిల్లిపాదీ చేరేది అక్కడికే. ఈ ఒక్కదాని కోసమైనా మళ్లీ ఇదే ఇల్లు కొంటాను.

గోడల సంగతి వేరు. ఈ శైలికి మూలం 1769 నుంచి 1823 దాకా కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్కన్ క్రైస్తవ మతగురువులు నెలకొల్పిన 21 మిషన్లు, అంటే మత ప్రచార కేంద్రాలు. వాటిని చాలావరకు మందపాటి పచ్చి ఇటుకతో కట్టారు. పని చేసింది ఎక్కువగా స్థానిక తెగలవాళ్లు. ఈ శైలి గురించి చెప్పే అందమైన కథల్లో వాళ్ల ఊసు తక్కువే. 1915లో శాన్ డియాగోలో పనామా-కాలిఫోర్నియా ప్రదర్శన జరిగింది. బెర్‌ట్రమ్ గుడ్‌హ్యూ అనే ఆర్కిటెక్ట్ దానికి మెక్సికో చర్చిల అలంకారాలతో భవనాలు గీశాడు. అక్కణ్ణుంచి ఇది జనం మోజైంది. 1925 భూకంపం తర్వాత శాంటా బార్బరా ఊరి నడిబొడ్డును ఇదే తీరులో మళ్లీ కట్టుకుంది. అక్కడి 1929 నాటి కోర్టు భవనం తప్పక చూడాల్సింది.

కానీ మా ఇంట్లాంటి వాటిలో గార వెనకాల ఉన్నది చెక్క చట్రం. పచ్చి ఇటుక ఇచ్చే చల్లదనం ఇక్కడ ఆశించకూడదు. ఆగస్టు మధ్యాహ్నం పడమటి గది ఉడికిపోతుంది. అటక మీద ఇన్సులేషన్ వేయించాకే కాస్త ఊరట. కిటికీలు చిన్నవి, హాల్లో పగలు కూడా దీపం కావాలి.

కప్పు మీదివి అచ్చం మన గూన పెంకులే, ఒక వరస వెల్లకిలా, దాని మీద ఒకటి బోర్లా. పెంకు దశాబ్దాలు ఆగుతుంది. ముందు పోయేది దాని కింది తారు కాగితం. మేం పెంకులు దింపించి, కాగితం మార్పించి, ఆ పాత పెంకులే మళ్లీ పరిపించాం. చూరు దాదాపు లేదు కాబట్టి శీతాకాలపు వాన నేరుగా గోడ మీదే కారుతుంది. కిటికీ మూలల్లో గార పగుళ్లు ఏటా చూసుకోవాలి.

కొనేముందు ఇంటి కిందికి దూరి చూడగల ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోండి. చెక్క చట్రాన్ని పునాదికి బోల్టులతో బిగించారా లేదా తెలుసుకోండి. ఆ కాలపు ఇళ్లలో చాలావాటికి ఆ బిగింపు ఉండదు, ఇక్కడేమో భూకంపాలు మామూలే. పాత చెక్క కిటికీలు తీసేసి ప్లాస్టిక్‌వి పెట్టించమని కాంట్రాక్టర్లు చెబుతారు. ఒప్పుకోకండి, బాగు చేయించండి.