మురుగు మడ్డి: గ్యాస్ తీయాలా, ఎండబెట్టాలా?

వరంగల్, కరీంనగర్ వైపు ఏ మున్సిపాలిటీలోనైనా స్లడ్జ్ (మురుగు మడ్డి) మాట రాగానే డైజెస్టర్, అంటే గాలి చొరని ట్యాంకులో మడ్డిని మురగబెట్టి గ్యాస్ తీసేది, కడదామని ఒకరంటారు, ఇసుక బెడ్ల మీద పోసి ఎండబెడితే చాలదా అని ఇంకొకరంటారు. ముందు తేల్చుకోవాల్సింది ఆ మడ్డి వయసు.

సెప్టిక్ ట్యాంకుల నుంచి ట్యాంకర్లలో వచ్చేది మూడు నాలుగేళ్లు గాలి తగలకుండా మురిగిన మడ్డి. రావాల్సిన గ్యాస్‌లో చాలావరకు వెంట్ పైపులోంచి ఎప్పుడో పోయింది. దానికి డైజెస్టర్ దండగ, బెడ్లే మేలు. అడుగున కంకర, పైన ఇసుక, ఆపైన 25 సెం.మీ. మందాన మడ్డి. మే నెల ఎండకు పది పదిహేను రోజుల్లో బీటలిచ్చి పారతో ఎత్తే పెళ్లలవుతుంది. రోజుకు 10 ఘనపు మీటర్లు వస్తే 40 చదరపు మీటర్ల బెడ్ నిండుతుంది, 15 రోజుల తిరుగుడుకు 600 కావాలి. పైకప్పు లేకపోతే వానాకాలంలో ఈ లెక్క చెల్లదు.

ఎస్టీపీలో (మురుగునీటి శుద్ధి కేంద్రంలో) రోజూ దిగే పచ్చి మడ్డిని అలా పోస్తే ఈగలు, కంపు. గ్యాస్ ఉన్నదీ ఇందులోనే. రోజుకు 400 కిలోల పొడి సరుకు అనుకుందాం. కుళ్లే భాగం 70 శాతం, అంటే 280 కిలోలు. సగం కరిగితే 140. కిలోకు 0.9 ఘనపు మీటర్ల చొప్పున 126 ఘనపు మీటర్ల గ్యాస్, కరెంటు యూనిట్ల లెక్కలో సుమారు 750 యూనిట్ల వేడి.

అసలు తిరకాసు నీళ్లతోనే. ఆ 400 కిలోలు 4 శాతం చిక్కదనంలో ఉంటే 10 ఘనపు మీటర్లు. డైజెస్టర్ బాగా పనిచేయాలంటే మడ్డిని వేడి చేయాలి. 25 డిగ్రీల నుంచి 37కి కాయడానికి, బాయిలర్ నష్టం కలిపి, 175 యూనిట్లు చాలు. అదే 1 శాతం పలుచనగా పంపిస్తే 40 ఘనపు మీటర్లు, 700 యూనిట్లు. వచ్చిన గ్యాసంతా నీళ్లు కాచడానికే సరి! అందుకే డైజెస్టర్ కన్నా ముందు చిక్కబరిచే ట్యాంకుకు డబ్బు పెట్టాలి.

డైజెస్టర్‌ను 55 డిగ్రీల దగ్గర నడిపే పద్ధతిలో క్రిములు బాగా చస్తాయి, ట్యాంకు చిన్నదైనా సరిపోతుంది. కానీ పై 10 ఘనపు మీటర్లకే 440 యూనిట్లు తింటుంది, వేడి కాస్త అటూ ఇటూ అయితే మొరాయిస్తుంది. మన ఊళ్లకు 37 నయం: 20 రోజుల నిల్వకు 200 ఘనపు మీటర్ల ట్యాంకు. అసలు కాయకపోతే 40 రోజులు, 400 ఘనపు మీటర్లు కావాలి, పైగా డిసెంబర్ చలికి గ్యాస్ పడిపోతుంది. జాగా ఉండి, చూసుకునే మనిషి లేని చోట అదైనా ఫర్వాలేదు.

డైజెస్టర్ పులిస్తే, అంటే లోపల ఆమ్లాలు పేరుకుంటే, పీహెచ్ ఆలస్యంగా పడుతుంది, అప్పటికే సగం చెడి ఉంటుంది. చూడాల్సింది ఆమ్లాలకూ క్షారతకూ ఉన్న నిష్పత్తి. 0.3 దాటి పెరుగుతోందంటే మేత (లోపలికి పంపే మడ్డి) తగ్గించాలి, ఇంకా పెరిగితే ఆపాలి. సున్నం గుమ్మరించొద్దు. అది కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తే లోపల వ్యాక్యూమ్ వచ్చి కప్పు దెబ్బతినొచ్చు. వంటసోడా అయితే క్షేమం.

ఈ గ్యాస్‌తో జనరేటర్ నడిపేవాళ్లు దాన్ని ఇనుప రజను డబ్బాలోంచి పంపి, అందులోని కుళ్లిన గుడ్ల వాసన వాయువును (హైడ్రోజన్ సల్ఫైడ్) వడకట్టాలి, లేకపోతే ఇంజన్ ఆయిల్ పులిసి బేరింగులు తినేస్తుంది. డైజెస్టర్ కట్టినా బెడ్లు తప్పవు, బయటికొచ్చే మడ్డిని ఆరబెట్టాల్సిందే. కాకపోతే అది కంపు కొట్టదు, నీళ్లు తొందరగా వదులుతుంది.