‘2000 వాట్ల’ చవక హెయిర్ డ్రయ్యర్లు కొనేవారికి హెచ్చరిక

ఆన్‌లైన్‌లో ఏడు వందల రూపాయల లోపు ధరకు, పెట్టె మీద ‘2000 వాట్లు, ప్రొఫెషనల్’ అని అచ్చువేసి అమ్ముతున్న ఊరూ పేరూ లేని హెయిర్ డ్రయ్యర్లను కొనదలచినవారు డబ్బు కట్టే ముందు ఇది చదవవలసిందిగా మనవి. మా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలకూ ఒత్తైన పొడవాటి జుట్టు. పొద్దున తలస్నానం చేస్తే కాలేజీ వేళకు ఆరదు, సాంబ్రాణి వేసేంత తీరిక ఎవరికీ లేదు. అందుకే వాట్లు ఎక్కువ, ధర తక్కువ అని అటువంటిదొకటి తెప్పించాము.

దాని నుంచి వేడి వచ్చేది కాని, గాలి విసురు ఉండేది కాదు. జుట్టు త్వరగా ఆరాలంటే వేడితో పాటు తడిని తోసుకుపోయే గాలి కావాలి. అది లేకపోతే పైవెంట్రుకలు మాడతాయి, కుదుళ్లు తడిగానే ఉంటాయి. అనుమానం వచ్చి ఎలక్ట్రీషియన్ చేత క్లాంప్ మీటరు (తీగలో పారే కరెంటును కొలిచే పరికరం) పెట్టించి చూస్తే, పూర్తి వేడిలో కూడా నాలుగు ఆంపియర్లకు కాస్త ఎక్కువ మాత్రమే చూపింది. మనకు వచ్చే 230 వోల్టుల కరెంటు మీద 2000 వాట్ల పరికరమైతే దాదాపు 8.7 ఆంపియర్లు లాగాలి. అంటే ఇది వెయ్యి వాట్ల సరుకు.

ఇంతకన్నా భయపడవలసినది ప్లగ్గు. సన్నటి రెండు పిన్నుల మధ్య చిన్న అక్షరాలతో ‘2.5 ఆంపియర్లు’ అని చెక్కి ఉంది. అసలు వాడకానికే అది చాలదు కనుక పిన్నుల చుట్టూ ప్లాస్టిక్ మెత్తబడి, ఒక పక్క నల్లబడింది. పెట్టె మీద రాసినంత కరెంటు నిజంగానే లాగి ఉంటే ఏమయ్యేదో. ఆ అబద్ధమే మమ్మల్ని కొంత కాపాడిందనుకోవాలి. పైగా, నిజమైన 2000 వాట్ల డ్రయ్యరుకు గీజరుకు పెట్టే 16 ఆంపియర్ల సాకెట్టు కావాలి. మన ఇళ్లలో అద్దం పక్కన ఉండేది సాధారణంగా 6 ఆంపియర్లదే కాబట్టి, ఇంటి వాడకానికి 1000 నుంచి 1200 వాట్లది, గాలి బాగా కొట్టేది, తెలిసిన కంపెనీది వెయ్యి రూపాయలకు అటూ ఇటూగా చూసుకోవడం మేలు.

మరొక లోపం వాడగా బయటపడింది. వెనుక జాలీకి వెంట్రుకలు, నూగు పట్టి గాలి తగ్గినప్పుడు లోపల వేడి పుట్టించే నిక్రోమ్ తీగ అతిగా వేడెక్కుతుంది. అప్పుడు వేడి హద్దు దాటితే పనిచేసే థర్మోస్టాట్ అనే స్విచ్ దానికి కరెంటు ఆపేయాలి. ఇందులో తీగ ఎర్రబడి కాలిన వాసన వచ్చినా అది ఆగలేదు, మేమే స్విచ్ కట్టేశాము.

పెట్టెను నమ్మకుండా డ్రయ్యరు ఒంటి మీదే వోల్టులు, వాట్లు ఉన్నాయేమో చూడండి. తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం లేని ప్యాకెట్టును తీసుకోకండి. ఐఎస్ఐ గుర్తు ఉంటే దాని కింద ఉండే సీఎం/ఎల్ నంబరును (తయారీదారు లైసెన్సు సంఖ్య) ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వారి ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో సరిచూడవచ్చు. అమెరికా నుంచి బంధువులు తెచ్చేవి చాలావరకు 120 వోల్టులకే చేసినవి. వాటిని ఇక్కడ నేరుగా పెడితే వేడి దాదాపు నాలుగింతలై కాలిపోతాయి.

అమ్మకందారు మొదట ‘మార్పిడి మాత్రమే, డబ్బు వాపసు లేదు’ అన్నారు. నల్లబడ్డ ప్లగ్గు, మీటరు రీడింగు ఫోటోలతో ఆ సైటు ఫిర్యాదుల అధికారికి రాసిన తరువాతే డబ్బు తిరిగి వచ్చింది. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. మేము కొన్న పేజీ ఇప్పుడు లేదు గాని, అవే ఫోటోలతో అదే డ్రయ్యరు మరో పేరు మీద 2200 వాట్లదిగా అమ్మకానికి ఉంది.