బ్రెగ్జిట్ వేళ బ్రిటన్ ముందున్న దారుల్లో ఏది మేలు?

2019 ఏప్రిల్ 1 రాత్రి బ్రిటన్ హౌస్ ఆఫ్ కామన్స్‌లో యూరోపియన్ యూనియన్ (ఈయూ)తో సుంకాలు ఉమ్మడిగా ఉంచుకునే కస్టమ్స్ యూనియన్ తీర్మానం మూడంటే మూడు ఓట్ల తేడాతో వీగిపోయింది. అనుకూలంగా 273, వ్యతిరేకంగా 276. ఈయూ నుంచి బయటికి వచ్చే ఈ బ్రెగ్జిట్ గొడవలో ప్రధానులు మారారు, ఎన్నికలు జరిగాయి, సుప్రీంకోర్టు కల్పించుకుంది. వాటన్నిటికన్నా నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెట్టేది ఈ మూడు ఓట్లే. అప్పటికి బ్రిటన్ ముందు ముఖ్యంగా ఐదు దారులున్నాయి: ఏ ఒప్పందమూ లేకుండా బయటికి పోవడం, ప్రధాని థెరిసా మే తెచ్చిన ఒప్పందం, కస్టమ్స్ యూనియన్, నార్వే పద్ధతి, మళ్లీ ప్రజల దగ్గరికి వెళ్లడం. నా లెక్కలో కస్టమ్స్ యూనియనే మేలైన దారి. ఎందుకో చెప్తాను.

ఇన్ని దారులు ఎందుకు పుట్టుకొచ్చాయంటే, 2016 జూన్ 23న జనాన్ని అడిగిన ప్రశ్నకు రెండే జవాబులున్నాయి. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, వదిలేయాలా? వదిలేద్దామన్నవాళ్లు 51.9 శాతం, ఉందామన్నవాళ్లు 48.1 శాతం. వదిలేశాక సంబంధం ఎలా ఉండాలన్న మాట బ్యాలెట్‌లో లేనే లేదు. ఇంగ్లండ్, వేల్స్ వదిలేద్దామన్నాయి. స్కాట్లండ్‌లో 62 శాతం మంది, ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు 56 శాతం మంది ఉందామన్నారు. ఇంత బొటాబొటీగా గెలిచినప్పుడు ఓడినవాళ్లను కూడా కలుపుకుని పోవాలి. మే ఆ పని చేయలేదు. సింగిల్ మార్కెట్ (సరుకులు, సేవలు, మనుషులు అడ్డు లేకుండా తిరిగే ఈయూ ఉమ్మడి మార్కెట్) వద్దు, కస్టమ్స్ యూనియన్ వద్దు అని 2017 జనవరిలోనే గిరి గీసేశారు. ఆ జూన్‌లో గడువుకు ముందే ఎన్నికలు పెట్టి ఉన్న మెజారిటీ పోగొట్టుకున్నారు. అప్పటినుంచి ఉత్తర ఐర్లండ్‌కు చెందిన డీయూపీ (బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే పార్టీ) ఎంపీలు పది మంది మద్దతుతో ప్రభుత్వాన్ని నెట్టుకురావలసి వచ్చింది.

అసలు ముడి ఆ ఉత్తర ఐర్లండ్ సరిహద్దు దగ్గరే ఉంది. ఈయూలోనే ఉన్న ఐర్లండ్ రిపబ్లిక్‌కూ దానికీ మధ్య దాదాపు 500 కిలోమీటర్ల గీత. దాన్ని దాటే రోడ్లు 200కు పైనే. ఐర్లండ్‌లో కలవాలనేవాళ్లకూ బ్రిటన్‌తోనే ఉండాలనేవాళ్లకూ మధ్య ముప్ఫై ఏళ్ల హింసలో 3,500 మందికి పైగా చనిపోయిన నేల అది. 1998 ఏప్రిల్ 10న గుడ్ ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరాక సైనికుల కాపలా టవర్లు ఒక్కొక్కటిగా తీసేశారు. ఇప్పుడు కారులో వెళ్తుంటే దేశం మారిందని తెలిసేది రోడ్డు పక్క బోర్డు మీద వేగం మైళ్లకు బదులు కిలోమీటర్లలో కనిపించినప్పుడే. జీఎస్టీ రాకముందు తడ దగ్గరో ఇచ్ఛాపురం దగ్గరో చెక్‌పోస్టులో లారీలు కాగితాలు పట్టుకుని గంటలకొద్దీ ఆగిన రోజులు మనకు గుర్తే. రెండు వైపులా పన్నులూ నియమాలూ వేరైతే లారీ ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. బ్రిటన్ బయటికి వచ్చాక ఆ లారీ ఐర్లండ్ దీవి మధ్యలో ఆగాలా, బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య ఉన్న సముద్రపు రేవుల్లో ఆగాలా, లేక సుంకాలు ఒకటిగానే ఉంచి ఆ అవసరమే తగ్గించాలా? దీనికి ఏ దారి సూటిగా జవాబిస్తుందన్నదే నాకు మొదటి కొలత.

ఒప్పందం లేకుండా వెళ్లిపోవడం దగ్గర దీనికి జవాబే లేదు. 2019 జనవరి 7న కెంట్‌లో, మూతపడిన మ్యాన్‌స్టన్ విమానాశ్రయం నుంచి డోవర్ రేవు దాకా లారీలతో ప్రభుత్వం ఒక రిహార్సల్ చేసింది. వచ్చిన లారీలు 89. రోజుకు వేల లారీలు దాటే రేవు అది. ఎంపీలకు కూడా సంగతి అర్థమైంది. మార్చి 27న ఈ దారికి 160 ఓట్లే పడ్డాయి, 400 మంది కాదన్నారు. దీని గురించి ఇంకా తూచడానికేమీ లేదు.

మే ఒప్పందం నాకు రెండో స్థానం. దాన్ని జనం తిట్టినంత చెడ్డదని నేను అనుకోను. వేరే పరిష్కారం దొరికేదాకా బ్రిటన్ మొత్తం ఈయూతో ఒకే సుంకాల పరిధిలో ఉంటుందని అందులో ఒక హామీ ఉంది. దాన్నే బ్యాక్‌స్టాప్ అన్నారు. దీనివల్ల ఐర్లండ్ సరిహద్దు మీద గేటు పడదు. ఇబ్బంది ఏమిటంటే, ఇది తాత్కాలికం అంటూనే బ్రిటన్ తనంతట తాను బయటపడే వీలు లేకుండా రాశారు. ఈయూ మీద కోపం ఉన్నవాళ్లకు అది ఉచ్చులా కనిపించింది. ఈయూ కావాలన్నవాళ్లకేమో ముందు ముందు వ్యాపారం ఎలా సాగుతుందో అందులో గట్టి మాట ఒక్కటీ కనపడలేదు. జనవరి 15న 432–202తో ఓడింది. 230 ఓట్ల తేడాతో ఓడిన ప్రభుత్వం ఆ సభ చరిత్రలో అంతకుముందు లేదు. మార్చి 12న 149 తేడాతో, బయటికి వెళ్లాల్సిన మార్చి 29 నాడే 58 తేడాతో మళ్లీ ఓడింది.

ఇక కస్టమ్స్ యూనియన్. ఈ తీర్మానం పెట్టింది కెన్ క్లార్క్, 1970 నుంచి సభలో ఉన్న కన్సర్వేటివ్ నాయకుడు. 2017 ఫిబ్రవరిలో బయటికి వెళ్లే ప్రక్రియ మొదలుపెట్టే బిల్లుకు ఆ పార్టీలో ఎదురు ఓటేసిన ఒకే ఒక్క ఎంపీ ఆయన. అంత గట్టిగా యూరప్‌ను కోరుకున్న మనిషే ఒక మెట్టు దిగి, సరే బయటికి వెళ్దాం, సుంకాల విషయంలో మాత్రం కలిసుందాం అన్నారు. మే ఒప్పందాన్ని కూల్చకుండా, అందులో తాత్కాలికంగా ఉన్నదాన్ని శాశ్వతం చేయమన్నారు, అంతే. ఈయూకూ బ్రిటన్‌కూ మధ్య సుంకాలుండవు. ఈ సరుకు ఎక్కడ తయారైందో రుజువు చూపే కాగితాల తతంగం ఉండదు. ఉత్తర ఐర్లండ్‌కూ మిగతా బ్రిటన్‌కూ మధ్య సుంకాల గీత పడదు. ఆహార పదార్థాలు, పశువుల మీద కొన్ని తనిఖీలు మిగులుతాయి, అది నిజమే. అయినా 2016లో వచ్చిన తీర్పుకు ఇది విరుద్ధం కాదు. ఈయూ సభ్యత్వం పోతుంది, మనుషుల స్వేచ్ఛా రాకపోకలు ఆగుతాయి, సభ్యదేశంగా కట్టే చందా ఆగుతుంది.

దీని లోపం తెలియాలంటే టర్కీని చూడాలి. 1995 చివరి నుంచి టర్కీకి ఈయూతో కస్టమ్స్ యూనియన్ ఉంది. ఈయూ ఇంకో దేశంతో ఒప్పందం చేసుకుంటే ఆ దేశం సరుకు తక్కువ సుంకంతో టర్కీలోకి వస్తుంది. టర్కీ సరుకుకు మాత్రం ఆ దేశంలో అదే వెసులుబాటు దానంతటదే రాదు. నిర్ణయం బ్రసెల్స్‌లో, పర్యవసానం అంకారాలో. బ్రిటన్‌కూ ఆ బాధ తప్పేది కాదు. ఇది చిన్న లోపమేం కాదు. కానీ ఐర్లండ్‌లో శాంతి ఒక వైపు, తయారీ పరిశ్రమ ఇంకో వైపు ఉన్నప్పుడు ఆ మాత్రం ఓర్చుకోదగ్గదేనని నా ఉద్దేశం.

నార్వే పద్ధతి ఇంకా మంచిదని వాదించే మిత్రులున్నారు. 1972లో, 1994లో రెండుసార్లు నార్వే జనం సభ్యత్వం వద్దన్నా దేశం సింగిల్ మార్కెట్‌లో ఉంది. బ్యాంకులు, సేవల రంగానికి అది నిజంగానే మేలు. అయితే నార్వే ఈయూ కస్టమ్స్ యూనియన్‌లో లేదు. అందుకే స్వీడన్ సరిహద్దులో స్వీనెసున్ దగ్గర లారీలు ఇవాళ్టికీ కస్టమ్స్ చూపించుకుని వెళ్తాయి. ఐర్లండ్‌లో అది కుదరదు. అందుకే నిక్ బోల్స్ అనే కన్సర్వేటివ్ ఎంపీ రెండూ కలిపి ‘కామన్ మార్కెట్ 2.0’ అని ప్రతిపాదించారు. ఆర్థికంగా చూస్తే అన్నిటికన్నా తక్కువ నష్టం దానిలోనే ఉంది. కానీ మనుషుల రాకపోకలు కొనసాగుతాయి, ఈయూకు డబ్బు కడుతూనే ఉండాలి, నియమాల మీద ఓటు మాత్రం ఉండదు. వలసలు తగ్గాలని ఓటేసిన ఊళ్లకు వెళ్లి దీన్ని బ్రెగ్జిట్ అని చెప్తే నమ్మేవాళ్లు కాదు. ఏప్రిల్ 1 రాత్రి 261–282తో ఓడింది. బోల్స్ లేచి, రాజీకి తన పార్టీ ఒప్పుకోకపోవడం వల్లే తాను విఫలమయ్యానని, ఇక ఆ పార్టీ తరఫున కూర్చోలేనని చెప్పి సభ నుంచి నడిచి వెళ్లిపోయారు. ఆయన గొంతు జీరబోయింది. వెళ్లొద్దని తోటి సభ్యులెవరో వెనకనుంచి బతిమాలడం వినిపించింది.

మళ్లీ ప్రజల దగ్గరికి వెళ్లడం న్యాయమైన కోరికే. ప్రక్రియనే రద్దు చేయమన్న పిటిషన్ మీద 60 లక్షల మందికి పైగా సంతకాలు చేశారు. ఆ ఏప్రిల్ 1 రాత్రి అన్నిటికన్నా ఎక్కువ అనుకూల ఓట్లు పడ్డది కూడా దీనికే: 280. వ్యతిరేకం 292. నాకున్న సందేహం ఒక్కటే. ఈసారి ఉందామన్నవాళ్లు 52 శాతమై గెలిస్తే ఏమవుతుంది? ఓడిన 48 శాతం మంది మూడోసారి అడగమంటారు, వాళ్లనూ తప్పుపట్టలేం. ఈ కోరికను పట్టుకున్నవాళ్లలో కొందరు తమది తప్ప ఇంకేదీ నెగ్గకూడదనుకున్నారు. యూరప్ కావాలన్న చిన్న పార్టీల ఎంపీలు కొందరు కస్టమ్స్ యూనియన్‌కు ఎదురు ఓటేశారు, కొందరు ఓటుకే రాలేదు. ఎదురు ఓటేసినవాళ్లలో ఇద్దరు ఆ రాత్రి మనసు మార్చుకుని ఇటు ఓటేసి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది.

ఎవరి పంతం వాళ్లు పట్టినందుకు ఏం దక్కిందో చూద్దాం. జూలైలో బోరిస్ జాన్సన్ ప్రధాని అయ్యారు. ఒప్పందం లేకుండా వెళ్లడాన్ని ఆపబోయిన 21 మంది ఎంపీలను పార్టీ నుంచి సస్పెండ్ చేశారు. వాళ్లలో కెన్ క్లార్క్ కూడా ఉన్నారు. పార్లమెంటుకు తాళం వేస్తే సెప్టెంబర్ 24న సుప్రీంకోర్టులో 11 మంది జడ్జీలూ ఏకగ్రీవంగా చెల్లదన్నారు. బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య కస్టమ్స్ తనిఖీలకు ఏ కన్సర్వేటివ్ ప్రభుత్వమూ ఒప్పుకోకూడదని 2018 నవంబర్‌లో డీయూపీ మహాసభలో చెప్పింది ఈ జాన్సనే. ఏడాది తిరక్కముందే ఆ సముద్రపు గీతకే ఒప్పుకున్నారు. బ్యాక్‌స్టాప్ వద్దని మే ఒప్పందానికి మూడుసార్లూ ఎదురు ఓటేసిన డీయూపీ చివరికి అసలుకే ఎసరు తెచ్చుకుంది. ఆ కోపంతో 2022 ఫిబ్రవరి నుంచి 2024 ఫిబ్రవరి దాకా ఉత్తర ఐర్లండ్‌లో ప్రభుత్వమే నడవనివ్వలేదు. దేశం మొత్తం చూస్తే, బ్రెగ్జిట్ వల్ల దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ ప్రభుత్వ బడ్జెట్ సంస్థ ఓబీఆర్ అంచనా.

మనవాళ్ల కోణం నుంచి నాకు ఎదురయ్యే వాదన ఇంకోటి ఉంది. బ్రెగ్జిట్ జరగబట్టే కదా మన పిల్లలకు వీసాలు దొరికాయి అంటారు. 2021 జనవరి నుంచి పాయింట్ల పద్ధతి, ఆ జూలై నుంచి చదువయ్యాక ఉండి పనిచేసుకునే గ్రాడ్యుయేట్ రూట్ వచ్చిన మాట నిజం. తెలుగు విద్యార్థులు చాలామంది దాన్ని నమ్ముకునే వెళ్లారు. కానీ కస్టమ్స్ యూనియన్ సరుకులకు సంబంధించినది, మనుషులకు కాదు. అందులో ఉన్నా ఆ వీసాలు ఇవ్వడానికి అడ్డేమీ ఉండేది కాదు. సుంకాల సంగతి వేరు. 2025 జూలై 24న భారత్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం, బయటి దేశాల సరుకుకు సుంకం ఈయూతో కలిపే ఉండే ఆ దారిలో ఉంటే సాధ్యమయ్యేది కాదు. ఆంధ్ర తీరంలో రొయ్యలు పెంచే రైతుకు బ్రిటన్‌లో సుంకం పోవడం మంచి కబురే, దాన్ని నేను తక్కువ చేయను. ఈ పోలికలో కస్టమ్స్ యూనియన్‌కు వ్యతిరేకంగా ఉన్న బలమైన మాట ఇదే. కాకపోతే బ్రిటన్‌కు యూరప్‌తో ఉన్న వ్యాపారం భారత్‌తో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. బ్రిటన్ పౌరుడి వైపు నుంచి చూస్తే తరాజు ఎటు మొగ్గుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఇప్పుడు వెనక్కి వెళ్లొచ్చు కదా అంటే, 2019లో అయినంత సులువు కాదు. అప్పుడు వదులుకోవలసింది ముందు ముందు కుదరబోయే ఒప్పందాల మీద ఆశ మాత్రమే. ఇవాళ సంతకాలైన ఒప్పందాలనే తిరగదోడాలి. కీర్ స్టార్మర్ లేబర్ పార్టీ 2024 మేనిఫెస్టోలో కస్టమ్స్ యూనియన్‌కు తిరిగి వెళ్లబోమని రాసింది. 2025 మేలో లండన్‌లో ఈయూతో కూర్చుని ఆహార పదార్థాల తనిఖీలు తగ్గించే దిశగా ఒక అవగాహనకు మాత్రం వచ్చింది.