బొమ్మల యాత్రా పుస్తకం కొనేముందు గోదారి పేజీ తెరవండి

టూరు పుస్తకం చేతికి రాగానే ఎవరైనా ముందు కాశ్మీరు పేజీయో స్విట్జర్లాండు పేజీయో తీస్తారు. అక్కడ ఏం రాసినా, ఏ బొమ్మ వేసినా నమ్మేయాల్సిందే, మనం సరిచూడగలిగింది ఏమీ ఉండదు. అదే గోదారి పేజీ తీస్తే తప్పు ఇట్టే దొరికిపోతుంది. మన ఊరి సంగతే తప్పు రాసినవాడు లడఖ్ సంగతి ఒప్పు రాశాడని అనుకోవడానికి ఆధారం ఏముందండీ? రాజమండ్రి, కాకినాడ, భీమవరం వైపు దొరికే బొమ్మల యాత్రా పుస్తకాల్ని ఈ గీటురాయి మీదే చూడాలి.

వెనక విషయసూచికలో రాజమండ్రి వెతకండి. గోదారి వంతెన ఫొటో తప్పకుండా ఉంటుంది. ఏ వంతెనో సరిగ్గా చెప్పాడా? 1900 నాటి హేవలాక్ వంతెన మీద 1997 నుంచి రైళ్ళు లేవు. రైలూ రోడ్డూ కలిసిన వంతెన 1974ది. రైలు వంతెనల్లో ఆర్చిలున్నదే అన్నిటికన్నా కొత్తది. ఆర్చిల ఫొటో కింద బ్రిటిషు కాలపు వంతెన అని ఉంటే, ఆ వాక్యం రాసినవాడు ఊళ్ళో అడుగు పెట్టలేదన్నమాట. తర్వాత పటం చూడండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అమలాపురం ఇంకా తూర్పు గోదావరి రంగులోనే ఉంటే పటం అంతకుముందుది. యాత్రికుడికి జిల్లా హద్దులతో పనేమీ లేదు గానీ, పటం వయసు చెప్పడానికి ఇంతకన్నా తేలిక గుర్తు లేదు.

మూడోది పాపికొండలు. రాజమండ్రి రేవులో ఎక్కితే బోటు నేరుగా కొండల మధ్యకు తీసుకెళ్తుందని రాసుంటే అది పాత సమాచారం. పోలవరం పనుల తర్వాత రోడ్డు మీద గండిపోచమ్మ గుడి వైపు వెళ్ళి అక్కడ బోటు ఎక్కే పద్ధతి వచ్చింది. వరద రోజుల్లో బోట్లు ఆపేస్తారన్న మాట కూడా ఆ పేజీలోనే కనిపించాలి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన ప్రమాదం తర్వాత కూడా ఈ హెచ్చరిక వేయని పుస్తకం అందంగా ఉన్నా అక్కర్లేదు.

ముద్రణ వివరాల పేజీలో ఒక చిన్న మోసం ఉంటుంది. పునర్ముద్రణ 2024 అని పెద్దగా వేసి, దాని పైన మొదటి ముద్రణ ఏడాది సన్నగా వేస్తారు. పునర్ముద్రణ అంటే పాత ప్లేట్లే మళ్ళీ ఎక్కించడం. సవరించిన కూర్పు అని స్పష్టంగా ఉంటేనే లోపల ఏమైనా మారినట్టు.

ఇక ఫొటోలు. యాత్రా పుస్తకంలో ఫొటో అబద్ధం చెప్పదు, నెల మాత్రం చెప్పకుండా దాస్తుంది. డెల్టా వాళ్ళకి ఇది పట్టుకోవడం కష్టం కాదు. నీళ్ళు ఎర్రగా ఉంటే జులై, ఆగస్టు వరద. చేలు పండి బంగారు రంగు తిరిగితే సార్వా (వానాకాలం వరి) కోతల ముందు నవంబరు. జనవరి దాటాక లేత పచ్చ కనిపిస్తే దాళ్వా, అంటే రెండో పంట. కాలువ అడుగున మట్టి కనిపిస్తే వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు. కొబ్బరిచెట్ల మధ్య నిండు కాలువ ఫొటో చూసి మే నెలలో కోనసీమ వచ్చిన హైదరాబాదు వాళ్ళకి దొరికేది ఎండా, ఎండిన కాలువా. ఆ చూపే వేరే ఊళ్ళ పేజీల మీదా పెట్టండి. మున్నారు కొండలు నీలంగా పూసిన ఫొటో ఉంటే అది నీలకురింజి, పన్నెండేళ్ళకోసారి పూస్తుంది. కిందటిసారి 2018లో పూసింది, మళ్ళీ 2030లోనే. ఉత్తరాఖండ్ పూలలోయ జూన్ నుంచి అక్టోబరు దాకా తెరిచున్నా, పుస్తకంలో ఉన్నంత పూత జులై, ఆగస్టుల్లోనే. కచ్ తెల్ల ఎడారి వానలప్పుడు నీళ్ళ కింద ఉంటుంది, ఉప్పు తేలేది చలికాలంలో. కాశ్మీరులోని పంపోరు కుంకుమపువ్వు తోటలకు అక్టోబరు చివరా నవంబరు మొదలూ కలిపి రెండు మూడు వారాలే. ప్రతి ఫొటో కింద నెల వేసిన పుస్తకం కనిపిస్తే, ధర కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి. అలాంటివి అరుదు.

అన్నిటిలోకీ డబ్బుకు న్యాయం చేసేది కోత బొమ్మల పుస్తకం. గుడినో కోటనో నిలువునా కోసినట్టు గీసి, లోపల ఏ గది ఎక్కడుందో, మెట్లు ఎటు తిరుగుతాయో చూపిస్తుంది. 1993లో మొదలైన డీకే ఐవిట్‌నెస్ ఇంగ్లీషు యాత్రా పుస్తకాల వరసకు పేరొచ్చింది ఈ బొమ్మల వల్లే. ఫొటో చూస్తే వెళ్ళాలనిపిస్తుంది. కోత బొమ్మ చూస్తే వెళ్ళి ఏం చూడాలో తెలుస్తుంది. ద్రాక్షారామమే తీసుకోండి. లింగం రెండంతస్తుల ఎత్తు. కింద నిలబడితే సగమే కనిపిస్తుంది, అభిషేకం పై అంతస్తులో జరుగుతుంది. సామర్లకోటలోనూ ఇదే ఏర్పాటు. భీమవరం సోమారామంలో శివుడి పై అంతస్తులో అన్నపూర్ణమ్మ. ఈ మూడింటినీ ఏ ఫొటో చూపించలేదు, ఒక్క కోత బొమ్మ చాలు. పంచారామాల మీద అలాంటి తెలుగు పుస్తకం వేయాలని ఏ ప్రచురణకర్తకైనా తోస్తే బాగుండు, 2027 పుష్కరాలు ఎంతో దూరం లేవు.

ఈ బొమ్మలకీ ఒక లోపం ఉంది. లోపల గీసింది అంతా మనం చూడొచ్చని అనుకుంటాం. కోణార్క్ జగమోహనం (గర్భగుడి ముందున్న మంటపం) లోపలి భాగాన్ని 1900ల మొదట్లో కూలిపోకుండా ఇసుక పోసి మూసేశారు, యాత్రికులెవరూ లోపలికి వెళ్ళలేరు. బొమ్మ పక్కన ఎక్కడిదాకా ప్రవేశం ఉందో గీత గీసి చూపకపోతే ఆ వివరం విడిగా కనుక్కోవాలి. సెలవు రోజులూ అంతే. తాజ్‌మహల్‌కి శుక్రవారం, అజంతాకి సోమవారం, ఎల్లోరాకి మంగళవారం సెలవు. సోమవారం ఔరంగాబాదులో (ఇప్పటి పేరు ఛత్రపతి సంభాజీనగర్) దిగితే ముందు ఎల్లోరా, మంగళవారం అజంతా పెట్టుకోవాలి. పుస్తకంలో ఈ మూడు వాక్యాలు లేకపోతే ఆర్టు పేపరు ఎంత మెరిసినా ప్రయాణానికి పనికిరాదు.

నీటిరంగుల స్కెచ్ పుస్తకాలు కూడా ఈమధ్య వస్తున్నాయి. దారి చెప్పవు, కానీ చిత్రకారుడు ఏది గీయడానికి కూర్చున్నాడో చూస్తే ఆ ఊళ్ళో గంటసేపు నిలబడదగ్గ చోటు ఏదో తెలుస్తుంది. చూసి తీరాల్సిన వందల చోట్లు అంటూ చోటుకో పేజీ, పేజీకో ఫొటో వేసే జాబితా పుస్తకాలకు మాత్రం డబ్బు దండగ. తెలుగులో యాత్రాచరిత్రలకు కొదవ లేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన కాశీయాత్ర 1838కే అచ్చయింది. రాత అంత పాతదైనా బొమ్మల దగ్గర మనవాళ్ళు ఇప్పటికీ పిసినారులే: చివర ఎనిమిది పేజీల మసక ఫొటోలు.

పటంలో కొలత చూడండి. ఒక సెంటీమీటరుకు 10 కిలోమీటర్లున్న పటం రైలు దారి ఎంచుకోవడానికి చాలు, ఊళ్ళో నడవడానికి చాలదు. నడకకు సెంటీమీటరుకు 100 నుంచి 200 మీటర్లు ఉండాలి. కొలత గీతే లేని రంగుల పటం బొమ్మ కిందే లెక్క.

కాగితమూ బైండింగూ మన డెల్టాలో ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. 24 సెంటీమీటర్లకు 30, 250 పేజీలు, 170 జీఎస్ఎం (చదరపు మీటరుకు 170 గ్రాములు) ఆర్టు పేపరు అనుకుంటే కాగితమే కిలోన్నర తూగుతుంది, అట్టలతో రెండు కిలోలకు దగ్గర. ఆ బరువుకు గమ్ బైండింగ్ నిలవదు, వీపు విడిపోతుంది. పుస్తకం మధ్యకు తెరిచి మడత లోపల దారం కనిపిస్తోందేమో చూడండి. కుట్టు ఉంటే రెండు పేజీల మీద పరిచిన ఫొటో మధ్య మడతలోకి పోకుండా పూర్తిగా తెరుచుకుంటుంది. గమ్‌దైతే అటూ ఇటూ చెరో సెంటీమీటరు పోతుంది. సరిగ్గా కొండ శిఖరమో గోపురమో అక్కడే ఉంటుంది.

ఆర్టు పేపరు మీద సుద్ద పూత ఉంటుంది. తేమ తగిలి, పైన బరువు ఉంటే ఆ పూత జిగురుగా మారి పేజీలు అతుక్కుంటాయి. తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది, మన దగ్గర వానాకాలం ఉదయాలు 80 దాటడం మామూలే. అందుకని ఈ పుస్తకాల్ని పడుకోబెట్టి దొంతరగా పెట్టకండి, నిలబెట్టి మధ్యలో వేలు పట్టే సందు వదలండి. గోడకు ఆనించకండి. అల్మారాలో సిలికా జెల్ సంచులు వేయండి. నీలి గింజలు గులాబీ రంగుకు తిరిగితే సన్నసెగ మీద వేడి చేసి మళ్ళీ వాడుకోవచ్చు. నీలి రంగు కోబాల్టు ఉప్పుది, కాబట్టి వంటకు వాడని పాత మూకుడులోనే చేయాలి. వరద నీళ్ళో కారిన కప్పు నీళ్ళో తగిలితే ఎండలో పెట్టకూడదు. తడి మీదే పేజీల మధ్య తెల్లకాగితం పెట్టి ఫ్యాను కింద ఆరబెట్టాలి. ఆ తీరిక లేకపోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఫ్రీజరులో పెడితే బూజు ఆగుతుంది, తర్వాత నిదానంగా చూసుకోవచ్చు.

ఫొటోల కోసమైతే సెకండ్‌హ్యాండ్ పుస్తకం చాలు, హంపి రాతిరథం పదేళ్ళలో మారదు. పటాలూ దారులూ ఉన్నదైతే కొత్తదే కొనాలి. పాతది కొనేటప్పుడు అట్ట చూసి మోసపోకుండా మధ్య పేజీలు నాలుగైదు చోట్ల తెరవండి. విడిపోయేటప్పుడు చిటచిటమన్న చప్పుడు వస్తే ఆ పుస్తకం ఒకసారి తడిసింది, ఎంత తగ్గించినా తీసుకోకండి.