పుట్టింటికి పచ్చళ్లు కట్టే మిషను: వాక్యూమ్ సీలర్ కొన్నేళ్లు వాడాక

పెళ్లయిన కూతురు పుట్టింటి నుంచి తిరిగి వస్తుంటే అమ్మ పచ్చళ్లు కట్టి ఇవ్వడం మన ఇళ్లలో మామూలే. మా ఇంట్లో అది తిరగబడింది. అమ్మానాన్న తమ్ముడి దగ్గరికని మెల్‌బోర్న్ వెళ్లి, పేరెంట్ వీసా వచ్చాక అక్కడే ఉండిపోయారు. నేను రాజమండ్రిలో ఉంటాను. ఇప్పుడు నాకు పుట్టింటికి వెళ్లాలంటే విజిటర్ వీసా కావాలి, విశాఖ నుంచి సింగపూర్ మీదుగా విమానాలు మారాలి, పచ్చళ్లు నేనే మోసుకెళ్లాలి. కవర్లోంచి గాలి లాగేసి మూతి అంటించే ఈ వాక్యూమ్ సీలర్ కొన్నది అందుకే.

అక్కడ ఇండియన్ షాపులు లేవా అని అందరూ అడుగుతారు. వాళ్లుండే టార్నీట్ వైపు కావలసినన్ని ఉన్నాయి, సీసా పచ్చళ్లూ దొరుకుతాయి. కానీ ఇక్కడ మనం ఆవకాయ పెట్టే మే నెలలో అక్కడ చలి మొదలవుతుంది. అక్కడ మామిడికాయ వచ్చేది ఏడాది చివర్లో. కొత్తపల్లి కొబ్బరి రకం మామిడికాయ కొట్టించి పెట్టిన ఆవకాయ నలభై ఏళ్లు తిన్న మనిషికి సీసా పచ్చడి పెట్టి సరిపెట్టుకోమనడం నాకు మనసొప్పదు.

మిషను గాలి ఎలా లాగుతుంది, కవరు ఎలా అంటిస్తుంది అన్నవి డబ్బా మీదే రాసి ఉంటాయి. నేను చెప్పదలచుకున్నది సీల్ గురించి. ఈ మిషను మీద నాకున్న ప్రేమైనా కోపమైనా ఆ సన్నని గీత దగ్గరే.

ముందు ప్రేమ సంగతి. పొడులకు దీన్ని మించింది లేదు. అంతకుముందు కందిపొడి, నువ్వులపొడి, పప్పులపొడి జిప్ కవర్లలో కట్టి తీసుకెళ్లేదాన్ని. అక్కడికి చేరేసరికి అన్నిటిదీ ఒకటే వాసన, నువ్వులపొడికైతే పాతబడ్డ నూనె వాసన కూడా మొదలయ్యేది. సీలర్‌తో కట్టిన కందిపొడి ప్యాకెట్ అమ్మ నెలల తర్వాత కత్తిరించినా వేయించిన జీలకర్ర, ఇంగువ వాసన వంటగదంతా పరుచుకుంటుంది. వీడియో కాల్‌లో ఆ కవరు మూతి కెమెరాకు ఆనించి నాకు చూపిస్తుంది, వాసన నాక్కూడా వస్తుందన్నట్టు. ఒకటే జాగ్రత్త: గాలి లాగేటప్పుడు పొడి ఎగిరి మూతి దగ్గర చేరితే సీల్ పడదు. లోపల పైన ఒక టిష్యూ పేపరు మడిచి పెడితే సరిపోతుంది.

మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్టులో ఇది ఇంకో రకంగానూ పనికొచ్చింది, ఇది నేను అనుకోని లాభం. దిగేముందు నింపే కార్డులో తిండి వస్తువులున్నాయా అన్న ప్రశ్నకు నేనెప్పుడూ 'అవును' అనే రాస్తాను. దాచి దొరికితే జరిమానా పెద్దది, ఒక్కోసారి వీసాయే రద్దు చేస్తారు. ప్యాకెట్లు పలుచగా, లోపలిది పైకి కనిపించేలా ఉండి, ప్రతిదాని మీదా మార్కర్‌తో పేరు, అందులో వేసినవి, తయారుచేసిన తేదీ ఇంగ్లీషులో రాసి ఉంటే అధికారి తిప్పి చూసి పక్కన పెట్టేస్తారు. ఇంతవరకు నా పచ్చళ్లు, పొడులు వదిలారు. వదిలారు కదా అని అదే రూలనుకోకండి. ఇంట్లో చేసినవాటిని ఆ రోజు చూసిన అధికారే తేలుస్తారు. బయల్దేరే ముందు ఆస్ట్రేలియా వ్యవసాయ శాఖ వాళ్ల బైకాన్ సైటులో చూసుకోండి.

పాలకోవా మాత్రం మిషనులో ఎంత అందంగా కట్టినా దండగే. మన దగ్గర పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది, వాళ్లకు 1872 తర్వాత మళ్లీ రాలేదు, అందుకే మన పాల వస్తువులంటే అంత భయం. పచ్చి కరివేపాకు రెమ్మ ఒక్కటి కూడా కుదరదు. కరివేపాకుది నిమ్మ కుటుంబమే. నిమ్మ, బత్తాయి తోటల్ని ఎండబెట్టే తెగులును మోసే పురుగు దాని మీదా బతుకుతుంది, ఆ తెగులు ఆస్ట్రేలియాలో లేదు. ఈ కారణాలు తెలిశాక నాకు విసుగు పోయింది. గాలి తీసి కడితే ఎయిర్‌పోర్టులో సామాను వాసన చూసే కుక్కలు పట్టుకోలేవని ఎవరో సలహా ఇస్తారు, అలాంటి పనులకు దీన్ని వాడకండి.

ఇక కోపం.

ఒక మే నెలలో, ఊట బాగా దిగి తిరగగలిపిన ఆవకాయ కట్టాను. కవరు మూతి లోపల, బయట పొడిగుడ్డతో తుడిచాను, మాన్యువల్‌లో ఉన్నట్టే. మిషను గాలి లాగింది, పచ్చలైటు వెలిగింది, సీల్ గీత తిన్నగా మెరుస్తూ కనిపించింది. పైన ఇంకో మామూలు కవరు చుట్టి, నాన్న కోసం కొన్న తెల్ల పంచెల పక్కన పెట్టాను. మెల్‌బోర్న్‌లో దిగి డిక్లేర్ లైన్లో నిలబడ్డాక, అక్కడి ఆవిడ సూట్‌కేసు తెరవమంది. జిప్ సగం తీసేసరికే ఆవపిండి ఘాటు బయటికొచ్చింది. అప్పుడే నా గుండె జారిపోయింది.

ఒక ప్యాకెట్ సీల్ ఒక మూల విచ్చుకుంది. చిన్న సందే, చిటికెన వేలి గోరంత. నూనె ఆ సందులోంచి పైకవరులోకి, పైకవరు మడతలోంచి పంచెల్లోకి పాకింది. ఎర్రటి నూనె తెల్ల పంచెలో మడత మడతకీ దిగిపోయి, ప్రతి మడత మీదా అదే ఆకారంలో మరక. ఆవిడ చేతికి గ్లవ్స్ వేసుకుని ప్యాకెట్ ఎత్తి చూసింది. ఏమిటని అడిగింది. మామిడికాయ, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అన్నాను. మాంసం ఉందా, పాలు ఉన్నాయా అంది. లేవన్నాను. లోపలికెళ్లి ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి, టిష్యూ రోలు తెచ్చిచ్చి, నేను తుడుచుకుని మళ్లీ సర్దుకునేదాకా ఓపిగ్గా నిలబడింది. వెనక లైను పెరుగుతోంది. ఆ రోజు ఆవిడ చూపించిన మర్యాద నేను మర్చిపోలేను.

ఇంటికెళ్లాక నాన్న పంచెలకంటే ముందు పచ్చడి ఎంత మిగిలిందో చూశారు. ముక్కలన్నీ ఉన్నాయి, పోయింది నూనే. అమ్మ పంచెలు సబ్బుతో ఉతికి, "రెండెండలు తగిలితే పోతుందే" అంది. నిజమే, రాజమండ్రిలో అయితే పోయేది. కానీ అక్కడ జూన్‌లో పగలు 14 డిగ్రీలుంటే గొప్ప. మరకలు అలాగే ఉండిపోయాయి.

తిరిగొచ్చాక మిషను కంపెనీ వాళ్లకు ఫోన్ చేశాను. నూనె వస్తువులకు గ్యారంటీ వర్తించదన్నారు. అమ్మేటప్పుడు డబ్బా మీద వేసిన బొమ్మలో మామిడికాయ పచ్చడి ఉంది! ఇదే నా అసలు ఫిర్యాదు. ఆ పచ్చలైటు సీల్ పడిందని చెప్పదు, వేడి చేయాల్సిన టైము అయిపోయిందని మాత్రమే చెబుతుంది. కవరు రెండు పొరల మధ్య కంటికి కనిపించని నూనె పొర ఉన్నా ప్లాస్టిక్ సరిగా కరిగి అతుక్కోదు. చేత్తో లాగి చూసినా గట్టిగానే ఉంటుంది. సూట్‌కేసులో బరువు కింద గంటల తరబడి నలిగాక విచ్చుకుంటుంది. గాలి లాగేటప్పుడు నూనె కూడా పైకి వస్తుంది కాబట్టి ఎంత తుడిచినా ఈ బెడద తప్పదు. పైన నేను అంత మెచ్చుకున్నది పొడుల సీల్‌ని, పచ్చళ్ల సీల్‌ని కాదు.

దీనికి దారి చూపించింది అమ్మే. "అంత నూనె ఎందుకే మోయడం? ముక్క తడిసేంత ఉంచి కట్టు, మిగతాది నేనిక్కడ పోసుకుంటా" అంది. అక్కడి షాపుల్లో పప్పునూనె దొరుకుతుంది. కాచి చల్లార్చి, నేను వెళ్లిన రోజే జాడీలో పోసేస్తుంది. ఇప్పుడు ఆవకాయ నూనె ఓడ్చి, డబ్బాలో పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచుతాను. పచ్చడి రాయిలా గడ్డకట్టదు కానీ ఉన్న నూనె చిక్కబడి తొందరగా పైకి రాదు. కవరు మూతి రెండంగుళాలు బయటికి మడిచి నింపుతాను, ఆ మడత తీశాక మూతికి నూనె అంటి ఉండదు. ఒక సీల్ వేసి, అరంగుళం వదిలి ఇంకోటి వేస్తాను. రెండింటికీ మధ్య కాసేపు ఆగాలి, లేకపోతే సీల్ వేసే పట్టీ మరీ వేడెక్కి కవరు ముడుచుకుపోతుంది. తర్వాత న్యూస్‌పేపర్ పరిచి, ప్యాకెట్ల మీద బియ్యం డబ్బా పెట్టి తెల్లారేదాకా ఉంచుతాను. పేపరు మీద నూనె చుక్క కనిపించిన ప్యాకెట్ ఇంట్లోనే ఉండిపోతుంది. ఈ పద్ధతి మొదలుపెట్టాక సూట్‌కేసులో కారలేదు.

గోంగూర పచ్చడి, టమాటా పచ్చడి లాంటివి మాత్రం ఉప్పు, పులుపు బాగా పట్టిన నిల్వ పచ్చళ్లయితేనే కడతాను. గాలి తీసేసినంత మాత్రాన తడి పదార్థం పాడవకుండా ఉండదు, గాలి లేకుండా పెరిగే ప్రమాదకరమైన క్రిములూ ఉంటాయి. రోటి పచ్చళ్లు ఇందులో కట్టే ఆలోచనే వద్దు.

మరి కొనమంటానా? పచ్చళ్ల షాపుల్లో ఫారిన్ ప్యాకింగ్ అని అడిగితే వాళ్ల పెద్ద మిషన్ల మీద కట్టిస్తారు. ఆ సీల్ వెడల్పుగా ఉంటుంది, నా మిషను సీల్ దాని దరిదాపుల్లోకి రాదు. ఎప్పుడో ఒకసారి పిల్లల దగ్గరికి వెళ్లేవాళ్లకు అదే మేలు, ఇంటి పచ్చడి పట్టుకెళ్తే కట్టిచ్చే షాపులూ ఉన్నాయి. నాకు మిషను పనికొస్తోందంటే, ప్రతి వేసవిలో వెళ్తాను, పొడులు ఎక్కువ తీసుకెళ్తాను, బయల్దేరే ముందు రోజు రాత్రి పన్నెండింటికి కూర్చుని కట్టుకోవాల్సిన బతుకు నాది. పైగా ఆ మిషను అమ్మకూ ఇష్టం, అక్కడ ఒకటి కొనివ్వమని తమ్ముణ్ణి అడుగుతోంది. కొంటే రెండు సీల్ పట్టీలున్నది చూడమని మా మరదలికి చెప్పాను. నా దాంట్లో మూత కింద స్పాంజి లాంటి ఫోమ్ పట్టీ మెత్తబడింది, గాలి లాగడానికి ముందుకంటే టైము పడుతోంది. ఆ పట్టీ విడిగా దొరికితే ఈ ఏడాదికి ఇదే, దొరక్కపోతే పొడులకు దీన్ని ఉంచుకుని ఆవకాయ షాపులో కట్టిస్తాను.