ఫారం పేరులో ‘పెన్’: కెల్టిక్ కొండా, ఇంగ్లిషు దొడ్డా?

ఇంగ్లండులో స్థిరపడిన మనవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: పక్కనున్న వ్యవసాయ ఫారం పేరులో ‘పెన్’ ఉంది, అది కెల్టిక్ పేరేనా, అంటే ఇంగ్లిషు రాకముందు అక్కడ వాడిన భాషలదా? పోటీ ప్రధానంగా రెండు మాటల మధ్య. వేల్ష్, కార్నిష్ భాషలకు మూలమైన బ్రిథానిక్‌లో ‘పెన్’ అంటే తల, కొండ కొన. పాత ఇంగ్లిషులో ‘పెన్’ అంటే పశువుల దొడ్డి.

ముందు పాత పత్రాలు చూడమంటారు. 1086లో ఇంగ్లండు భూముల వివరాలు నమోదు చేసిన డూమ్స్‌డే గ్రంథంలో పేరుంటే సంతోషమే. అయితే ఈ రెండు మాటలనూ ఒకేలా రాసేవారు కాబట్టి పత్రం ఒక్కటే తగవు తీర్చదు. దగ్గరి నదిది కెల్టిక్ పేరన్న వాదన ఇంకా బలహీనం. థేమ్స్, ఏవన్ వంటి పాత నదుల పేర్లు అచ్చమైన ఇంగ్లిషు ఊళ్ల పక్కన కూడా నిలిచాయి.

నా దృష్టిలో అసలు సాక్ష్యం మాటల వరుసే. బ్రిథానిక్ పేరులో సాధారణంగా ‘పెన్’ ముందుంటుంది, దాని వివరణ తరువాత వస్తుంది. వూస్టర్‌షైర్‌లోని పెన్‌సాక్స్ చూడండి: ‘శాక్సన్ల కొండ’ (శాక్సన్లు అంటే ఇంగ్లిషువాళ్ల పూర్వీకులు). ఇంగ్లిషువాళ్లు పెట్టి ఉంటే ‘శాక్సన్’ అన్న మాటే ముందు వచ్చేది. పలికే తీరు కూడా ఆధారమే. కార్న్‌వాల్‌లోని పెన్‌జాన్స్‌లో ఒత్తు రెండో భాగం మీద పడుతుంది. ఇంగ్లిషు సమాసాల్లో అది మామూలుగా మొదటి భాగం మీదే ఉంటుంది.

బర్క్‌షైర్‌లోని ఇంక్‌పెన్ అనే ఊరి దగ్గరే నిజమైన చిక్కు. 10వ శతాబ్దంలో అది ‘ఇంగెపెన్నె’. ‘పెన్’ చివర ఉంది, ముందున్నది కొండను సూచించే పాత ఇంగ్లిషు మాటని పండితులు అంటారు. ‘కొండ మీది దొడ్డి’ అన్న అర్థం వరుసకూ నప్పుతుంది, మేత భూములకూ నప్పుతుంది. నేను దాని వైపే మొగ్గుతాను. ఆ పక్కనే 297 మీటర్ల వాల్‌బరీ కొండ ఉంది, నిజమే. అక్కడ ముందే ఉన్న ‘పెన్’ అనే కొండపేరుకు ఇంగ్లిషువాళ్లు తమ మాట తగిలించి ఉండవచ్చు కూడా. అందుకే కెల్టిక్ వాదనను కొట్టిపారేయను, రెండో స్థానంలో ఉంచుతాను.

ఇక యజమాని ఇంటిపేరు ఫారానికి రావడం మూడో దారి. 1836 చట్టం తరువాత టైద్ (చర్చికి పంటలో ఇచ్చే పదో వంతు) లెక్క కోసం గీసిన భూమి పటాలకు ముందు ఆ పేరు ఎక్కడా కనిపించకపోతే మొదట దాన్నే అనుమానించండి.